వినపడలేదు సారూ

"నీటికుక్క అంటే మీకు ఎంత ఇష్టం?" అని అడిగింది ఆవిడ.

నేను వలల షెడ్డు గడప మీద కూర్చుని వల కుడుతున్నాను. ఆ నీటికుక్కలే ముందురోజు చింపిన వల అది. చేప తలకాయ మాత్రం వలలో వదిలి, మిగతాది తినేసి, పోతూ పోతూ నా తల పట్టేంత కంత పెట్టి పోయాయి.

"చాలా ఇష్టం, ఇష్టం, ఏదీ కాదు, అయిష్టం, చాలా అయిష్టం. ఈ అయిదింట్లో ఏదో ఒకటి చెప్పండి."

"బూతు రాసుకోవడానికి గడి లేదా అమ్మా?"

పక్కన గొణుగుడు కిసుక్కున నవ్వాడు. గొణుగుడు నా పడవలో రెండో తెడ్డు వేసేవాడు. మాట ఎప్పుడూ గొంతు దాటి బయటికి రాదు, అందుకే ఆ పేరు. ఆవిడ మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. 'చాలా అయిష్టం' దగ్గర టిక్కు పెట్టుకుంది. ఏదో పెద్ద చదువు చదివి, నదిలో నీళ్ళు ఎప్పుడు ఎంత వదిలితే ఏ జీవానికి ఏమవుతుందో పరిశోధన చేయడానికి వచ్చిందట. రోజంతా ఒడ్డు వెంట తిరిగి కనపడ్డవాళ్ళందర్నీ ప్రశ్నలు అడిగేది. మేం ప్రశ్నలమ్మ అని పేరు పెట్టుకున్నాం.

"పోనీ, ఈ నది మీద మీకు అస్సలు పడని జీవం ఏది?"

నేను సూదితో పైకి చూపించాను. ఆనకట్ట మీద అద్దాల గది ఎండకి తళతళలాడుతోంది.

"అదిగో, ఆ అద్దాల్లో ఉంటుంది. దానికి తోక లేదు."

గొణుగుడు నవ్వడం ఆపేశాడు. ఆ అద్దాల గదిలో ఉండేది గేట్ల సారు. గేటు ఎత్తాలన్నా దించాలన్నా ఆయన మాటే. మా తమ్ముణ్ణి చంపింది ఆయనే.

మా తమ్ముణ్ణి అందరూ బుడుంగు అనేవాళ్ళు. నీళ్ళలో దూకితే ఆ చప్పుడు ఒక్కటే, చుక్క నీరు పైకి లేచేది కాదు. వాడి చెవులు ఎలాంటివంటే, నీళ్ళలో తెడ్డు పడిన తీరు విని, వచ్చేది ఎవరి పడవో చూడకుండానే చెప్పేవాడు. నది పలచబడ్డ ఎండాకాలంలో ఆనకట్ట కింద రాళ్ళ మధ్య చేపల బుట్టలు పెట్టడానికి వెళ్ళాడు. గేటు ఎత్తారు. సైరన్ మోగలేదు. వాడు మాకు మూడోరోజు దొరికాడు.

విచారణ పెట్టారు. గేట్ల సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు. "సైరన్ మోగింది. గాలి ఎదురుగా ఉండటం వల్ల దూరంగా ఉన్నవాళ్ళకి వినపడి ఉండదు. మృతుడు దగ్గరే ఉన్నాడు కాబట్టి వినే ఉంటాడు. హెచ్చరికను పెడచెవిన పెట్టాడు," అన్నాడు. అందరి ముందూ సైరన్ మోగించి చూపించారు. ఊరు దద్దరిల్లేలా మోగింది. విచారణ అయిపోయింది.

పెడచెవిన పెట్టాడు. ఆ మాట ఆయన నోట్లోంచి ఊడిపడి మా వీధిలో కాపురం పెట్టేసింది. బుడుంగు అన్న పేరు పోయి, చచ్చినవాడికి పెడచెవి అని కొత్త పేరొచ్చింది. వాడి పెళ్ళాం, మా మరదలు, ఐసు షెడ్డులో చేపలకి ఐసు కొడుతుంది. అక్కడ ఆడవాళ్ళు జాలిపడుతూనే, "అంత మోగితే వినపడకపోవడం ఏంటే? కాస్త పుచ్చుకుని ఉన్నాడేమో," అనేవాళ్ళు. వాడి కూతుర్ని బళ్ళో పెడచెవోడి కూతురు అనేవాళ్ళు. ఆ పిల్ల ఒకరోజు, సైరన్ మోగుతుంటే ఒడ్డు మీద నా పక్కన నిలబడి, రెండు చెవులూ మూసి తెరిచి, మూసి తెరిచి చూసుకుంది.

"నాకు వినపడింది పెదనాన్నా. నాన్నకెందుకు వినపడలేదు?"

ఆ పిల్లకి నేనేం చెప్పను? ఆ రోజు నుంచి నాకు ఒక్కటే కోరిక. సైరన్ మోగలేదన్న మాట ఆ మనిషి నోటితోనే, నలుగురి ముందు రావాలి. కత్తి తీసుకుని పోవడం ఎంతసేపు? కత్తితో పొడిస్తే రక్తం వస్తుంది గానీ మాట రాదు.

ప్రశ్నలమ్మ ప్రశ్నలు అయ్యాక మీటింగులు మొదలయ్యాయి. ఆనకట్ట కింద ఇసక దిబ్బ అంచున నీటికుక్కలు బొరియలు పెట్టుకుని పిల్లల్ని పెడతాయి. గేటు ఒక్కసారిగా ఎత్తితే బొరియలు మునుగుతాయి. నీళ్ళు కొంచెం కొంచెంగా, తెల్లవారాక, మెట్టు మెట్టుగా వదలాలని ఆవిడ లెక్క. దానికి ఆనకట్ట వాళ్ళు, కాలవ నీళ్ళ మీద బతికే తోటల వాళ్ళు, చేపల వాళ్ళం, అందరం ఒప్పుకోవాలి. నీటికుక్కల్ని చంపం, తరమం అని మేం మాటివ్వాలి. అందరూ ఒప్పుకుంటే ఆ ఆనకట్టకి జంతువుల్ని కాపాడే ఆనకట్ట అని పై నుంచి పెద్ద గుర్తింపు వస్తుంది.

ఆ గుర్తింపు కోసం గేట్ల సారు పడి చచ్చిపోతున్నాడు. ఆయన గదిలోనూ, మీటింగు గదిలోనూ గోడల నిండా నీటికుక్కల ఫోటోలే. ఆయన టీ తాగే కప్పు మీద కూడా నీటికుక్కే. మొదటి మీటింగులో నిలబడి, "నీళ్ళు పెరిగినప్పుడు తల్లి ఒక్కో పిల్లనీ నోట కరుచుకుని గట్టుకి చేరుస్తుంది. చివరి పిల్లని చేర్చేలోపు..." అంటూ మాట ఆపి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మనిషి కొట్టుకుపోతే నేరం గాలి మీదికి తోసేసినవాడు కుక్కపిల్లలు తడుస్తున్నాయని ఏడుస్తున్నాడు. నా ఒళ్ళు భగ్గుమంది. గొణుగుడు నా మోచెయ్యి పట్టుకుని ఏదో గొణిగాడు. కూర్చోమనే అయ్యుంటుంది.

ఆ మీటింగుల్లో ప్రశ్నలమ్మ ఒక పద్ధతి పెట్టింది. దాని పేరు మారు కుర్చీ. నా కుర్చీలో నువ్వు, నీ కుర్చీలో నేను. ఎవరి కుర్చీలో కూర్చుంటే వాళ్ళ తరఫున వాదించాలి. అవతలివాడి బాధ అప్పుడు తెలుస్తుందట. దానికి ఒకటే నియమం. "మారు కుర్చీలో అన్న మాట ఈ గది దాటి పోకూడదు. దాన్ని ఎవరి మీదా వాడకూడదు. ఒప్పుకుంటారా?" అంది. అందరం తలూపాం. నేనూ ఊపాను.

ఆనకట్ట ఆఫీసు పై అంతస్తులో పొడుగు బల్ల. పైన ఫ్యాను ఊగుతూ తిరుగుతూ, ఎవరి నెత్తిన పడాలా అని చూస్తున్నట్టుంటుంది. మొదటి రోజు తోటల పెద్దాయన్ని నీటికుక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన పంచె సర్దుకుని, "నేను నీటికుక్కని. నాకు చేపలు కావాలి, బొరియ కావాలి. కానీ ముందు తోటలకి నీళ్ళివ్వండి, పాపం," అన్నాడు. అందరూ బల్లలు కొట్టి నవ్వారు.

గేట్ల సారుని తోటల కుర్చీలో వేశారు. ఆయన లేచి నిలబడి ఎంత బాగా వాదించాడంటే, తన సొంత ఆనకట్టనే కడిగి పారేశాడు. తోటల పెద్దాయన చప్పట్లు కొట్టి, "ఈయన్ని మా సంఘానికి అధ్యక్షుణ్ణి చేయండిరా!" అని కేక పెట్టాడు. సారు ముఖం వెలిగిపోయింది.

నేను అదంతా చూశాను. ఏ కుర్చీలో కూర్చోబెట్టినా ఆ మనిషి ఓడిపోలేడు. అవతల తనే ఉన్నా సరే, గెలిచి తీరాలి. ఇంటికి వెళ్తుంటే దారి పొడుగునా నాకు నవ్వొచ్చింది. నేను నవ్వి చాలా కాలమైంది కాబట్టి గొణుగుడు భయపడ్డాడు.

తర్వాతి మీటింగుకి ముందే ప్రశ్నలమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఈసారి నన్ను సారు కుర్చీలో వేయండమ్మా. సారుని నా కుర్చీలో వేయండి. ఆయన కష్టం కూడా తెలుసుకోవాలి కదా."

ఆవిడ మొహం విచ్చుకుంది. "మీ వైఖరిలో మార్పు కనిపిస్తోంది."

"కనిపిస్తోందమ్మా," అన్నాను.

కుర్చీలు మారాం. సారు కుర్చీ మెత్తగా ఉంది, అటూ ఇటూ తిరుగుతుంది. నేను బల్ల మీది ఆయన కలం తీసుకుని, మూత తీసి, పెట్టి, తీసి, పెట్టి, "చూడండీ, సాంకేతికంగా చెప్పాలంటే..." అన్నాను. అచ్చం ఆయన లాగే. గది గొల్లుమంది. ఆయనా నవ్వాడు. నా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మా వాళ్ళలా కాళ్ళు దూరంగా పెట్టి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించాడు. ఆట మొదలైంది.

"సారూ, మీరు నీళ్ళొదిలేటప్పుడు మాకు ముందు చెప్పరు," అన్నాడు ఆయన, నా తరఫున.

"సైరన్ మోగిస్తూనే ఉన్నాం. వినిపించుకోకపోతే మేమేం చేస్తాం?" అన్నాను నేను, ఆయన తరఫున.

"మాకు వినపడటం లేదు."

"గాలి ఎదురుగా ఉండి ఉంటుంది."

"ప్రతిసారీ గాలేనా? గాలికి మీరు జీతం ఏమన్నా ఇస్తున్నారా?"

మా వాళ్ళు ఓహో అన్నారు. సారు ఛాతీ పొంగింది. నేను కుర్చీ అటూ ఇటూ తిప్పుతూ కలం మూత టక్కుమనిపించాను.

"మీ తమ్ముడి సంగతే తీసుకోండి. దగ్గరే ఉన్నాడు. చెవులు బాగా పనిచేస్తాయని మీరే అంటారు. మరి వినపడిందా లేదా? వినపడింది. లక్ష్యపెట్టలేదు. హెచ్చరికను పెడచెవిన పెట్టాడు."

ప్రశ్నలమ్మ చెయ్యి ఎత్తబోయింది. నేను ఆగలేదు. నా నోటితో నా తమ్ముణ్ణి ఆ మాట అంటుంటే నాలుక మీద చేదు కారింది, అయినా అన్నాను.

"పైగా తాగున్నాడు. తాగినవాడికి సైరన్ ఏంటి, పిడుగు పడినా తెలీదు. తప్పంతా మీవాడిది. ఇంకేమన్నా వాదన ఉందా? లేదు కదా? ఉండదు. ఎందుకంటే మీకు చదువు లేదు, వాదించడం రాదు. కూర్చోండి."

సారు చెవులు ఎర్రబడ్డాయి. వాదించడం రాదన్న మాట ఆయన తట్టుకోలేడు, అది నన్నన్నదైనా సరే. లేచి బల్ల మీద చరిచాడు.

"గాలీ కాదు, తాగుడూ కాదయ్యా! మోటారు కాలిపోయి రిపేరు షాపులో పడుంటే సైరన్ ఎట్లా మోగుతుంది? మోగని సైరన్ని మనిషి ఎట్లా పెడచెవిన పెడతాడు? చెప్పు!"

గెలిచాడు. గెలిచానని చుట్టూ చూశాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మోటారు కాలిపోయిందని మాకెవరికీ తెలీదు. మా బాధంతా సైరన్ మోగలేదని మాత్రమే, ఎందుకు మోగలేదో మాకెలా తెలుస్తుంది? ఆ సంగతి తెలిసిన కుర్చీ ఆ గదిలో ఒకటే. ప్రస్తుతం అందులో నేను కూర్చున్నాను.

సారు ఆ చూపుల మధ్య తన మాట తను మళ్ళీ విన్నాడు. నదిలో నీళ్ళన్నీ చేతిలో పెట్టుకున్న మనిషి నీళ్ళు నమిలాడు. "అంటే... ఊరికే... వాదన కోసం..."

"మారు కుర్చీలో అన్న మాట..." అని ప్రశ్నలమ్మ అందుకుంది.

"గది దాటదమ్మా. నాకు గుర్తుంది," అన్నాను. "కానీ ఆట అయిపోలేదు కదా. నేనింకా సారునే." ఆయన వైపు తిరిగాను. "అవునయ్యా. మోటారు షాపులో ఉంది. నాకు తెలుసు. తెలిసే గేటు ఎత్తాను. తర్వాత కొత్త మోటారు బిగించి, విచారణలో మోగించి చూపించాను. నువ్వు వాడి అన్నవి. ఇప్పుడు నన్ను ఏమంటావు?"

ఆయన మళ్ళీ నా కుర్చీలో కూలబడి, దాని చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. తప్పించుకునే సందు కోసం కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. ఆ సందు దొరికింది కూడా. మెల్లగా, మెత్తగా అన్నాడు.

"ఏమంటాను? జరిగిందేదో జరిగిపోయింది. మీరు మాత్రం కావాలని చేశారా? మా తమ్ముడి తరఫున... నేను మిమ్మల్ని క్షమించేశాను."

నా కుర్చీలో కూర్చుని, నా పేరు మీద, వాడికి వాడే క్షమాభిక్ష పెట్టేసుకున్నాడు.

నేను బల్ల చుట్టూ తిరిగి వెళ్ళాను. గొణుగుడు అడ్డం వచ్చాడు గానీ నా మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు.

"లే," అన్నాను. "నా కుర్చీలోంచి లే."

లేచాడు. నేను చెయ్యి కూడా ఎత్తలేదు. ఆయన ఆ మెత్తటి కుర్చీ వైపు వెళ్ళలేక, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

మాటంటే మాటే. ఆ గదిలో విన్నది నేను మా మరదలికి కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేది? వాదన కోసం అన్నానంటాడు, నియమం తప్పారంటాడు, ఇంకో విచారణలో ఇంకో ఇస్త్రీ చొక్కా. నాకు అది చాలదు.

ఒప్పందం రోజు అందరూ ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చున్నారు. చేపల వాళ్ళ తరఫున నేను లేచాను.

"నీటికుక్కల్ని ముట్టుకోం. వలలు చింపినా సరే, రాయి కూడా విసరం."

తోటల పెద్దాయన నోరు తెరిచాడు. ప్రశ్నలమ్మ కళ్ళు చెమర్చాయి.

"నీళ్ళు మెట్టు మెట్టుగా వదలడానికి కూడా సరే. ఒక్క షరతు. వదిలే ముందు ప్రతిసారీ, ఒడ్డు పొడుగునా మైకుల్లో, గేట్ల సారే స్వయంగా చెప్పాలి. ఆయన ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయనే. కింద ఒడ్డు నుంచి మావాడొకడు వాకీటాకీలో 'వినపడింది' అని జవాబు చెప్పాకే గేటు లేవాలి."

"చాలా మంచి ఆలోచన," అంది ప్రశ్నలమ్మ.

"ఏం చెప్పాలి?" అన్నాడు సారు.

"మూడు ముక్కలు సారూ. ఒకటి, నేను గేట్ల సారుని మాట్లాడుతున్నాను. రెండు, సైరన్ మోగిస్తున్నాను, నీళ్ళు వదులుతున్నాను. మూడు, వినపడకపోతే తప్పు నాది, మీరు పెడచెవిన పెట్టారని ఎవరినీ అనను."

గదిలో అందరికీ అర్థమైంది. బయటివాళ్ళకి అదొక మర్యాద మాట. ఆ గదిలో ఉన్నవాళ్ళకి మాత్రం అదేంటో తెలుసు. నేను నియమం తప్పానని అనడానికి ప్రశ్నలమ్మకి ఎక్కడా పట్టు దొరకలేదు.

"సాంకేతికంగా, మూడో వాక్యం అవసరం లేదు కదా..." అన్నాడు సారు.

"అయితే నీటికుక్కలు కూడా అవసరం లేదు," అన్నాను. "మా వాళ్ళకి గాలాలున్నాయి, కర్రలున్నాయి. మీ ఇష్టం."

ఆయన గోడ మీది ఫోటో వైపు చూశాడు. అందులో తల్లి కుక్క నోట్లో పిల్ల వేలాడుతోంది. ఒప్పుకున్నాడు.

మొదటి ఉదయం మా మరదలు ఐసు షెడ్డు నుంచి తడి చేతులతోనే వచ్చింది. పిల్ల నా పక్కన నిలబడింది. ఐసు షెడ్డు ఆడవాళ్ళు కూడా పని ఆపి గట్టెక్కారు. వాకీటాకీ నా చేతిలో ఉంది.

మైకులు గరగరలాడాయి. మొదటి ముక్క గట్టిగా వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది మొదలై, "వినపడకపోతే..." అని ఆగిపోయింది. తర్వాత మా గొణుగుడు కూడా సిగ్గుపడేలా ఏదో సణుగుడు.

నేను బటన్ నొక్కాను. "వినపడలేదు సారూ."

మళ్ళీ గరగర. "వినపడకపోతే తప్పు... తప్పు నాది. మీరు..."

"వినపడలేదు సారూ."

అద్దాల గదిలో ఆయన ఎండకి చిన్న మచ్చలా కనపడుతున్నాడు. అప్పుడు వచ్చింది, పూర్తిగా, ఒడ్డు మీది ప్రతి మైకులోంచీ.

"వినపడకపోతే తప్పు నాది. మీరు పెడచెవిన పెట్టారని ఎవరినీ అనను."

ఐసు షెడ్డు ఆడవాళ్ళు మా మరదలి వైపు చూసి తలలు దించుకున్నారు. ఆమె ఏడవలేదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుని, "రేపు కూడా చెప్తాడా బావగారూ?" అంది.

"రోజూ చెప్తాడమ్మా."

అప్పటి నుంచి నీటికుక్కలు పెరిగిపోయాయి. నా వలల్లో కుట్టని చోటు లేదు. ప్రశ్నలమ్మ మళ్ళీ వచ్చి అదే ప్రశ్న వేస్తే, సూది నోట్లోంచి తీయకుండానే, "చాలా ఇష్టం అని రాసుకో తల్లీ," అన్నాను. సారు బదిలీ అడిగాడని తెలిసింది. మేం ఊరుకుంటామా? చేపల వాళ్ళందరం వెళ్ళి, నీటికుక్కల మీద అంత ప్రేమున్న అధికారి మళ్ళీ దొరకడు, ఆయన్ని మార్చొద్దని అర్జీ పెట్టుకున్నాం. అర్జీ చదివి పైవాళ్ళు మురిసిపోయారట. బదిలీ ఆగిపోయింది.

ఈమధ్య ఆయన ఆ మూడు ముక్కలూ తడుముకోకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పేస్తున్నాడు. అది నాకు నచ్చలేదు. ఇవాళ పొద్దున కూడా అలాగే గడగడా చెప్పేశాడు.

"నాకు వినపడింది పెదనాన్నా," అంది పిల్ల.

"నీకు వినపడిందిలేమ్మా."

మరదలు నా చేతిలోని వాకీటాకీ వైపు చూసింది. "ఇంకెన్నాళ్ళు బావగారూ?" అంది, మెల్లగా.

నేను బటన్ నొక్కాను.

"వినపడలేదు సారూ."